ఊరి పాత కట్టడాన్ని పైనుంచి తీయాలంటే: చిన్న డ్రోనా, పెద్ద డ్రోనా, పొడుగు స్టిక్కా, కిరాయి మనిషా?

"డ్రోన్ కొందామనుకుంటున్నా, ఏది మంచిది?" అని ఎవరైనా అడిగితే, ఏ కట్టడం తీయబోతున్నారని తిరిగి అడగక తప్పదు. పెళ్ళి ఊరేగింపుకు బ్రహ్మాండంగా పనికొచ్చేది మెట్లబావి దగ్గర ఎందుకూ పనికిరాకపోవచ్చు. ఈ వ్యాసం ఇంటికి బండి మీద వెళ్ళొచ్చేంత దూరంలో ఉన్న గడీలు, బురుజులు, మండువా ఇళ్ళు, బావులు, పాత గుళ్ళు తీయాలని ఉన్నవాళ్ళ కోసం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇలాంటి కట్టడాలకు చాలామందికి 250 గ్రాముల లోపు డ్రోన్ సరిపోతుంది. మెట్లబావులు, చిన్న పెంకుటిళ్ళు మాత్రమే తీసేవాళ్ళకు డ్రోనే అక్కర్లేదు, ఫోనో కెమెరానో బిగించే పొడుగాటి స్టిక్ ఉంటే చాలు. గోపురాలు, వాటి మీది బొమ్మలు తీయాలంటే మాత్రం దూరం నుంచే దగ్గరగా చూపే టెలీ లెన్స్ ఉన్న పెద్ద డ్రోన్ కావాలి. ఒకే కట్టడం, అదీ ఒక్కసారే అయితే మండల కేంద్రంలో డ్రోన్ ఉన్న పెళ్ళి ఫోటోగ్రాఫర్‌ను పిలిపించుకోండి, ఏదీ కొనకండి.

ఒక్కో కట్టడానిది ఒక్కో అవసరం

కోస్తా జిల్లాల మండువా లోగిలితో మొదలుపెడదాం. వీధిలో నిలబడితే కనిపించేది వసారా, చెక్క స్తంభాలు, ఒక వైపు పెంకుల వాలు, అంతే. ఇంటి అసలు రూపం తెలిసేది పైనుంచే. నాలుగు వైపులా గదులు, నడుమ ఆకాశానికి తెరిచిన మండువా, వాన నీళ్ళన్నీ అందులోకే జారేలా లోపలికి వాలిన కప్పులు. కెమెరాను నిట్టనిలువుగా కిందికి పెట్టి తీస్తే ఒక్క ఫోటోలో ఇంటి ప్లాన్ మొత్తం వచ్చేస్తుంది. దీనికి పెద్ద ఎత్తు అక్కర్లేదు. చాలా డ్రోన్లలో ఉండే 24 ఎంఎం లెన్స్‌తో 30 మీటర్ల ఎత్తు నుంచి తీస్తే సుమారు 40 మీటర్ల వెడల్పు ఫ్రేములో పడుతుంది. 12 మెగాపిక్సెల్ ఫోటోలో ఒక్కో పిక్సెల్‌కు దాదాపు ఒక సెంటీమీటరు. నాటు పెంకుల వరసలు విడివిడిగా కనిపించడానికి అది చాలు. అదే 120 మీటర్లకు తీసుకెళ్తే ఇల్లు తపాలా బిళ్ళంత అయిపోయి, చుట్టూ ఉన్న డాబాలు, వాటర్ ట్యాంకులే ఫోటోను ఆక్రమిస్తాయి. కొత్తగా డ్రోన్ కొన్నవాళ్ళలో చాలామంది ఎంత ఎత్తుకు వెళ్తే అంత గొప్ప ఫోటో అనుకుంటారు. పాత కట్టడాల విషయంలో అది తలకిందులు.

కోనసీమలో ఇంకో చిక్కు ఉంది. కొబ్బరి చెట్లు కప్పు కన్నా చాలా ఎత్తు. పక్కనుంచి వాలుగా ఇంటి మీదికి తెస్తే ఏదో ఒక మట్టకు తగులుతుంది. పెరట్లో ఆకాశం బాగా కనిపించే చోటు చూసుకుని, అక్కడే నిలువుగా చెట్ల తలలు దాటేదాకా లేపి, ఆ తర్వాతే పక్కకు జరపాలి. దింపేటప్పుడూ అదే దారి. ఉత్తరాంధ్ర చుట్టిళ్ళకూ పైనుంచి తీసే ఫోటోనే అందం. గుండ్రటి తాటాకు కప్పులు గుంపుగా ఉన్న చోట ఆ అమరిక నేల మీద నుంచి అస్సలు అర్థం కాదు.

తెలంగాణ గడీలు వేరే రకం. విసునూరు గడీలా సాయుధ పోరాటం కథల్లో పేరు మోగినవైనా, పేరు లేకుండా ఏ ఊరి నడుమనో కూలిపోతున్నవైనా, వాటి సంగతంతా ప్రహరీలో, పెద్ద దర్వాజాలో, లోపలి వాకిళ్ళలో, ఊరి ఇళ్ళ కన్నా అవి ఎంత ఎత్తున ఉన్నాయన్నదాంట్లో ఉంటుంది. నిట్టనిలువు ఫోటో ఇక్కడ సగమే చెబుతుంది. 35, 40 మీటర్ల ఎత్తు నుంచి, కెమెరాను 45 డిగ్రీలు వంచి, ఊరి కప్పులు కూడా ఫ్రేములో ఉండేలా తీయండి. దొర ఇంటికీ మిగతా ఊరికీ మధ్య ఉన్న తేడా ఆ ఫోటోలోనే తెలుస్తుంది. కూలిన గడీల్లో గోడలు మోకాలెత్తే మిగిలి ఉంటాయి. పొద్దున ఏడింటికో సాయంత్రం అయిదింటికో, ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు తీస్తే ఆ చిన్న గోడలకూ పొడుగాటి నీడలు పడి గదుల హద్దులు తేలతాయి. మిట్టమధ్యాహ్నం అవే గోడలు మట్టిలో కలిసిపోయినట్టు కనిపిస్తాయి.

బురుజు దగ్గర పైనుంచి చూస్తే ఏముంటుంది? గుండ్రటి మట్టి మూత, దాని మీద మొలిచిన తుమ్మ మొక్కలు. బురుజును దాని తల ఎత్తు నుంచే, పక్కగా తీయాలి. చాలా ఊళ్ళలో పది పదిహేను మీటర్ల ఎత్తుకు డ్రోన్ లేస్తే చాలు. అయితే ఆ ఎత్తులోనే కరెంటు తీగలు, కేబుల్ వైర్లు ఉంటాయి. అడ్డంకులను పసిగట్టే సెన్సార్లు ఉన్న డ్రోన్లు కూడా సన్నటి తీగలను చూడలేవు. ఎగరేసే ముందు చుట్టూ నడిచి స్తంభాలు ఎటు నుంచి ఎటు పోతున్నాయో చూసుకోవాలి. సంక్రాంతి రోజుల్లో గాలిపటాల మాంజా కూడా అంతే. ఆ వారం నేనైతే ఊళ్ళో డ్రోన్ బయటికి తీయను.

మెట్లబావి దగ్గర డ్రోన్ ఓడిపోతుంది. కామారెడ్డి జిల్లా లింగంపేటలో బాగుచేసిన నాగన్న బావి లాంటివి చూస్తే, పైనుంచి తీస్తే ఎంత బాగుంటుందో అనిపిస్తుంది, నిజమే. ఒడ్డు మీద నుంచి చుట్టు చూపు వరకు డ్రోన్ బాగానే తీస్తుంది. కానీ లోపలి మెట్ల వరసలు, స్తంభాల మధ్య నీడలు కావాలని కిందికి దింపితే రెండు సమస్యలు వస్తాయి. గోడల మధ్య జీపీఎస్ సిగ్నల్ బలహీనమవుతుంది. అప్పుడు డ్రోన్ ఆధారపడేది పొట్ట కింది సెన్సార్ల మీద, కింద నీళ్ళు మెరుస్తుంటే అవి తికమకపడతాయి. ఫలితం నీళ్ళలో తేలుతుంది, లేదా తేలదు. దీనికన్నా మూడు మీటర్ల స్టిక్ చివర, చుట్టూ అన్ని వైపులా ఒకేసారి తీసే 360 కెమెరా బిగించి, పిట్టగోడ దగ్గర గట్టిగా నిలబడి బావి మీదికి చాచి పట్టుకోవడం మేలు. ఎండ వేళ కూడా ఇక్కడ మారుతుంది. గడీలకు కావాల్సిన ఏటవాలు ఎండ బావికి శత్రువు, సగం మెట్లు చీకట్లో ఉండిపోతాయి. మబ్బు పట్టిన రోజైనా ఫరవాలేదు, లేకపోతే సూర్యుడు నడినెత్తి మీద ఉన్నప్పుడు వెళ్ళండి.

ఇక గోపురం. ఇక్కడ లెక్క స్పష్టంగా ఉంటుంది. 20 మీటర్ల వెడల్పు భాగం ఫ్రేము నిండా రావాలంటే 24 ఎంఎం లెన్స్‌తో సుమారు 14 మీటర్ల దగ్గరికి వెళ్ళాలి. 70 ఎంఎం లెన్స్‌తో అయితే 40 మీటర్ల దూరంలో నిలబెట్టి తీయొచ్చు. దగ్గరి నుంచి తీస్తే కింది అంతస్తు ఉబ్బి, పై కలశాలు కుచించుకుపోయినట్టు వస్తాయి. దూరం నుంచి తీసినదాంట్లో కొలతలు కంటికి కనిపించినట్టే ఉంటాయి. దూరం కావాల్సిన అసలు కారణం ఇంకొకటి ఉంది, తేనెపట్లు. పాత గోపురాల చూరుల కింద, కోట గోడల మీద పెద్ద తేనెటీగల పట్లు మామూలే. డ్రోన్ చప్పుడుకు అవి లేస్తే డ్రోన్‌కేమీ కాదు, కింద ప్రదక్షిణలు చేస్తున్నవాళ్ళకు అవుతుంది. ముందు కింద నుంచి ఫోన్ జూమ్ చేసి గోపురం నాలుగు వైపులా చూడండి. పట్టు కనిపిస్తే ఆ వైపు వదిలేయండి. గద్దలు కూడా గూళ్ళు కట్టుకునే కాలంలో డ్రోన్‌ను తరుముతాయి. అప్పుడు వెంటనే దించేయడమే పని.

నాలుగు దారులు, వాటి లాభనష్టాలు

*250 గ్రాముల లోపు డ్రోన్.* చైనా కంపెనీ డీజేఐ మినీ వరసే ఇక్కడ ఎక్కువగా కనిపిస్తుంది. మినీ 3లో, 2023లో వచ్చిన మినీ 4 ప్రోలో 1/1.3 అంగుళాల సెన్సార్ ఉంటుంది. పాత మినీలతో పోలిస్తే నీడలో ఉన్న చూరు, ఎండలో ఉన్న సున్నం గోడ రెండూ ఒకే ఫోటోలో నిలబడతాయి. ఫోటో నిలువుగా వచ్చేలా కెమెరాను తిప్పుకునే సౌకర్యం రెండింటిలోనూ ఉంది, బురుజుకు, ధ్వజస్తంభానికి చాలా ఉపయోగం. మినీ 3కి పక్కల అడ్డంకులు కనిపించవు, మినీ 4 ప్రోకు చుట్టూ కనిపిస్తాయి. చెట్ల మధ్య ఇళ్ళు తీసేవాళ్ళు ఆ తేడాకు డబ్బు పెట్టడం సమంజసమే. ఖాళీ మైదానంలో గడీ తీసేవాళ్ళకు అంత అవసరం లేదు.

బలహీనత గాలి. ఈ మినీలు తట్టుకునే గాలి వేగం సెకనుకు 10.7 మీటర్లు అని రాస్తారు. గుట్ట మీది కోటల దగ్గర మధ్యాహ్నం వీచే గాలిలో ఇవి ఊగిపోతాయి. ఇంకో సంగతి, ఎక్కువసేపు ఎగరాలని 'ప్లస్' బ్యాటరీ వేస్తే బరువు 250 గ్రాములు దాటిపోతుంది. అప్పుడు అది చట్టం దృష్టిలో చిన్న డ్రోన్ కాదు. రెక్కలకు గార్డులు బిగించినా అంతే.

*పెద్ద డ్రోన్.* డీజేఐ ఎయిర్ 3 బరువు 720 గ్రాములు. ఒకటి 24, ఇంకొకటి 70 ఎంఎం, రెండు కెమెరాలు. గాలిని సెకనుకు 12 మీటర్ల దాకా ఓర్చుకుంటుంది. గోపురాలకు, గుట్ట మీది కోటలకు, దగ్గరికి వెళ్ళకూడని బీటలువారిన గోడలకు ఇదే సరైనది. కానీ బ్యాగు బరువు పెరుగుతుంది, చప్పుడు ఎక్కువ, కాగితాల పని ఎక్కువ. ఊళ్ళో పది మంది గుమికూడేదీ దీన్ని చూసే. మండువా ఇళ్ళకు దీన్ని కొనడం దండగ.

*పొడుగు స్టిక్.* అయిదారు మీటర్ల దాకా సాగే స్టిక్‌కు ఫోనో 360 కెమెరానో బిగించి పట్టుకుంటే పెంకుటింటి చూరు దాటి కొంచెం పైనుంచి చూపు దొరుకుతుంది. రిజిస్ట్రేషన్ లేదు, బ్యాటరీ టెన్షన్ లేదు, ఎవరూ భయపడరు. డ్రోన్లు ఎగరకూడని చోట మీకు మిగిలేది కూడా ఇదే. అయితే 360 కెమెరా ఫోటోలోంచి ఒక ముక్క కత్తిరించుకుంటే ఆ ముక్క స్పష్టత డ్రోన్ ఫోటోకు సాటి రాదు, గోడ మీద పెద్దగా ప్రింట్ వేయించాలంటే నిరాశే. ఒక్క జాగ్రత్త, అల్యూమినియం స్టిక్ పట్టుకుని కరెంటు తీగల ఛాయలకు కూడా పోవద్దు.

*కిరాయి ఆపరేటర్.* పెళ్ళిళ్ళ సీజన్ కాని రోజుల్లో సులభంగా దొరుకుతారు, చెయ్యి తిరిగినవాళ్ళు. చిక్కల్లా అలవాటులోనే ఉంది. కట్టడం చుట్టూ గిర్రున తిప్పుతూ వీడియో తీయడం వాళ్ళ పద్ధతి, రంగులు ముదురు చేసి ఇస్తారు. అందుకే ముందే రాసివ్వండి: వీడియో కాదు, స్టిల్స్ కావాలి. రా ఫైల్స్, అంటే రంగులు మార్చని అసలు ఫైళ్ళు కావాలి. నాలుగు మూలల నుంచి 45 డిగ్రీల ఫోటోలు, నిట్టనిలువుగా ఒకటి, ముఖద్వారానికి ఎదురుగా దాని ఎత్తు నుంచే ఒకటి. సమయం మీరే చెప్పాలి, లేకపోతే పదకొండింటికి వస్తారు. డబ్బు తీసుకుని ఎగరేస్తున్నారు కాబట్టి డ్రోన్ 250 గ్రాములు దాటితే ఆయనకు రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. అడగడానికి మొహమాటపడకండి.

చట్టం చెప్పేది

2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల దాకా నానో, అక్కడి నుంచి 2 కిలోల దాకా మైక్రో. నానోకు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. మైక్రోకు కూడా వ్యాపారం కాకుండా సొంత సరదాకు అయితే అక్కర్లేదు. థర్డ్ పార్టీ బీమా నానోకు మినహాయింపు, మిగతావాటికి తప్పనిసరి. కానీ రిజిస్ట్రేషన్ నంబరు, అంటే యూఐఎన్, నానోకూ కావాలి. "250 గ్రాముల లోపే కదా, ఏ రూలూ లేదు" అని దుకాణంలో చెప్పే మాట సగమే నిజం. నిబంధనలు మీరితే జరిమానా లక్ష రూపాయల దాకా ఉంటుంది.

ఎక్కడ ఎగరేయొచ్చో తేల్చేది ప్రభుత్వ మ్యాప్. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా, అంటే 120 మీటర్ల దాకా అనుమతి అడగనక్కర్లేదు. విమానాశ్రయం హద్దు నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగుల దాకానే. 5 నుంచి 8 కిలోమీటర్ల మధ్య నేల నుంచే ఎల్లో జోన్, అనుమతి లేకుండా లేపకూడదు. రెడ్ జోన్‌లో కేంద్రం అనుమతి ఉండాలి. హైదరాబాద్ చుట్టుపక్కల వాళ్ళకు ఇదే పెద్ద దెబ్బ. శంషాబాద్ విమానాశ్రయం, బేగంపేట, హకీంపేట, దుండిగల్ వైమానిక స్థావరాలు కలిపి నగరం చుట్టూ చాలా భాగాన్ని మింగేస్తాయి. సినిమాల్లో తరచూ కనిపించే అమ్మపల్లి గుడి గోపురం, కోనేరు ఎంత ఊరించినా, అది శంషాబాద్ పక్కనే ఉందని మరచిపోకండి. విశాఖ వైపు బౌద్ధ స్థలాలకు వెళ్ళేవాళ్ళు నౌకాదళాన్ని లెక్కలో వేసుకోవాలి.

మ్యాప్‌లో గ్రీన్ ఉన్నంత మాత్రాన కట్టడం మీద హక్కు వచ్చినట్టు కాదు. గండికోట, లేపాక్షి, రామప్ప లాంటి కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడాల దగ్గర ముందస్తు అనుమతి లేకుండా డ్రోన్ కుదరదు. రాష్ట్ర వారసత్వ శాఖల కింద ఉన్నవాటికి ఆ శాఖను అడగాలి. దోమకొండ కోట లాంటివి ప్రైవేటు కుటుంబాల చేతిలో ఉన్నాయి. దాన్ని బాగుచేసిన తీరుకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం కూడా వచ్చింది. అలాంటి చోట యజమానుల మాటే అనుమతి. నిజానికి ఈ పనికి బాగా కుదిరేవి ఎవరి జాబితాలోనూ లేని కట్టడాలే. అక్కడ అడగాల్సింది ఇంటివాళ్ళను, సర్పంచ్‌ను.

కొనుగోలు విషయం. 2022 ఫిబ్రవరి 9 నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతి మీద నిషేధం ఉంది, రక్షణ, పరిశోధన లాంటి కొన్ని అవసరాలకు మాత్రమే మినహాయింపు. బజారులో దొరికే డీజేఐ డ్రోన్లకు తయారీదారు వారంటీ ఆశించకండి. బిల్లు, సీరియల్ నంబరు చూసి, యూఐఎన్ వస్తుందో లేదో తేల్చుకున్నాకే డబ్బు ఇవ్వండి. అమెరికా నుంచి సెలవులకు వచ్చేవాళ్ళు సూట్‌కేసులో మినీ పెట్టుకుని అమ్మమ్మగారి ఇల్లు తీద్దామనుకుంటారు. డ్రోన్‌ను కస్టమ్స్‌కు చెప్పి తీరాలి, వాళ్ళు ఆపేయొచ్చు కూడా. ఆ ఒక్క ఇంటికి కిరాయి ఆపరేటరే సుఖం.

ఎప్పుడు వెళ్ళాలి

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా గాలి తక్కువ, ఎండ మెత్తన. పొద్దున పొగమంచు ఉంటే అది విడిపోయేదాకా ఆగండి, తేమ డ్రోన్‌కు మంచిది కాదు. వానలు తగ్గాక పచ్చదనం బాగుంటుంది గానీ, పిచ్చి మొక్కలు గోడలను మింగేస్తాయి. కట్టడం ప్లాన్ కావాలంటే మొక్కలు ఎండిపోయిన ఫిబ్రవరి, మార్చిలే నయం. ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నాలు వద్దు. ఈ డ్రోన్లు 40 డిగ్రీల దాకానే పనిచేసేలా చేసినవి, మన ఊళ్ళలో ఎండ దాన్ని తేలిగ్గా దాటుతుంది. దుమ్ము నేల మీద నుంచి లేపితే కెమెరాను ఊగకుండా పట్టే గింబల్‌లోకి మన్ను పోతుంది. కారులో కాళ్ళ కింది రబ్బరు మ్యాట్ తీసి పరిచి, దాని మీద నుంచి లేపండి.

కట్టడం రేపో మాపో కూలుతుందనిపిస్తే, అందమైన ఫోటోలతో ఆగకండి. పైనుంచి వరసలు వరసలుగా, ఒక ఫోటోకు ఇంకో ఫోటో 70, 80 శాతం కలిసేలా తీసి, ఆ తర్వాత చుట్టూ ఏటవాలుగా ఇంకో విడత తీస్తే, వెబ్‌ఓడీఎం లాంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌తో త్రీడీ మోడల్ చేసుకోవచ్చు. దీనికి చిన్న డ్రోన్ చాలు. ముందే దారి గీసి పెట్టుకునే సౌకర్యం మినీ 4 ప్రోలో ఉంది, మినీ 3లో లేదు. ఉంటే పని తేలిక, లేకపోతే ఓపిక కావాలి.

ఊళ్ళో వాళ్ళతో

డ్రోన్ తీయగానే మొదట వినిపించే ప్రశ్న "సార్, సర్వేనా?" అని. ఆంధ్రలో భూముల రీసర్వే డ్రోన్లతో జరిగింది, పొలాల్లో మందు కొట్టే డ్రోన్లు రెండు రాష్ట్రాల్లోనూ తిరుగుతున్నాయి. కాబట్టి మీ డ్రోన్ చూడగానే ఎవరి హద్దు ఎటు జరుగుతుందోనని అనుమానం రావడం సహజం. ముందు ఒక పావుగంట అరుగు మీద కూర్చుని, ఏం తీస్తున్నారో ఎందుకో చెప్పండి. స్క్రీన్ ఒకసారి వాళ్ళ చేతికివ్వండి, సగం అనుమానాలు అక్కడే పోతాయి. మండువా అంటే ఇంటి లోపలి భాగం అని గుర్తుంచుకోవాలి. అక్కడ ఆడవాళ్ళు స్నానానికి నీళ్ళు కాచుకుంటూనో, వడియాలు పెట్టుకుంటూనో ఉంటారు. "పెద్దమ్మా, ఒక అయిదు నిమిషాలు పైనుంచి తీసుకుంటాం" అని గడప దగ్గర అడిగి, వాళ్ళు సరేనన్నాకే లేపాలి. పక్కింటి పెరడు ఫ్రేములో పడితే కత్తిరించేయండి.

తీసిన ఫోటోల్లో కప్పు బాగా కనిపించేవి రెండు ఆ ఇంటివాళ్ళకు వాట్సాప్‌లో పంపండి. పెంకులు ఎక్కడ జారాయో, దూలం ఎక్కడ కుంగిందో వాటిలో తెలిసిపోతుంది. మే నెలలోపు ఇస్తే వానలకు ముందే కప్పు నేయించుకుంటారు.